అందం కూడా డ్యూటీయే: యుద్ధకాలపు బ్రిటన్ మహిళా పత్రికలు గీసిన ఆడదాని బొమ్మ

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాలకు పని చేయడానికి వచ్చిన అమ్మాయిలతో యాజమాన్యాలకు ఓ పెద్ద తలనొప్పి ఉండేది. అది వాళ్ల జుట్టు. భుజాల మీదికి వదిలేసిన జుట్టు అప్పటి ఫ్యాషన్. డ్రిల్లింగ్ మెషీన్ మీదికి వంగితే ఆ జుట్టు తిరిగే కడ్డీకి చుట్టుకునేది. మెషీన్ ఆపేలోపు నెత్తి చర్మం ఊడొచ్చేది. టోపీ పెట్టుకోమని నోటీసులు అంటించారు. అమ్మాయిలు టోపీ పెట్టుకున్నారు, కానీ ముంగురులు బయటికి వదిలి పెట్టుకున్నారు. చివరికి ప్రభుత్వం ఫ్యాషన్ పత్రికల సాయం అడిగింది. ఆడ్రీ విథర్స్ సంపాదకత్వంలో నడుస్తున్న బ్రిటిష్ వోగ్, పొట్టి జుట్టును కొత్త అందంగా చూపించడం మొదలుపెట్టింది. నోటీసు బోర్డు చేయలేని పనిని ఫ్యాషన్ పేజీకి అప్పగించారన్నమాట.

యుద్ధకాలపు మహిళా పత్రికల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ముఖచిత్రాలను, నినాదాలను చూపిస్తారు. అసలు పని జరిగింది అక్కడ కాదని నా అభిప్రాయం. వంట, కుట్టు, అల్లిక, ఉత్తరాలకు జవాబులు: పాఠకురాలు నమ్మి, కత్తిరించి దాచుకునే పేజీలు ఇవి. ‘ఈ కాలంలో మంచి ఆడది ఎలా ఉండాలి’ అన్న బొమ్మను గీసింది ఆ పేజీలే. ఆ బొమ్మకింద కనీకనిపించకుండా ఓ షరతు కూడా ఉండేది: ఇదంతా యుద్ధం ఉన్నన్నాళ్లే.

ప్రభుత్వానికి ఈ పత్రికలతో అవసరం ఎందుకు పడింది

‘ఉమన్స్ ఓన్’ 1932లో, ‘ఉమన్’ 1937లో మొదలయ్యాయి. రెండూ వారపత్రికలే. రంగుల ఫొటోగ్రావ్యూర్ ముద్రణతో, కొద్ది పెన్నీల ధరతో కార్మిక, దిగువ మధ్యతరగతి ఇళ్లలోకి వెళ్లాయి. ‘గుడ్ హౌస్‌కీపింగ్’ బ్రిటిష్ సంచిక 1922 నుంచే ఉంది. వంటలనూ ఇంటి సామాన్లనూ పరీక్షించే సొంత సంస్థ కూడా దానికుంది, కాకపోతే దాని పాఠకులు కాస్త పై తరగతి వాళ్లు. ‘ఉమన్’కి 1940 నుంచి 1962 దాకా మేరీ గ్రీవ్ సంపాదకురాలు.

1940 ఏప్రిల్‌లో జర్మనీ నార్వే మీద పడింది. కాగితపు గుజ్జు రావడం ఆగి, కాగితానికి రేషన్ బిగిసింది. పేజీలు తగ్గాయి, సైజు కుదించుకుపోయింది, ఎన్ని కాపీలు వేయాలో గిరాకీ బదులు కాగితం కోటా చెప్పేది. అయినా ఈ పత్రికల్ని మూతపడనివ్వలేదు. వంటింట్లో ఉన్న మనిషిని ప్రభుత్వం అందుకోవాలంటే దగ్గరి దారి అవేనని అధికారులకు తెలుసు. రేడియో చెప్పింది చెవిన పడి పోతుంది. దినపత్రిక సాయంత్రానికి పొట్లాం కాగితమవుతుంది. వారపత్రిక మాత్రం ఇరుగుపొరుగు చేతులు మారుతూ నెలల తరబడి చలామణీలో ఉంటుంది. కాపీలు తగ్గేకొద్దీ ఒక్కో కాపీని చదివేవాళ్లు పెరుగుతారు.

ఆహార శాఖ (1940 ఏప్రిల్ నుంచి మంత్రి లార్డ్ వూల్టన్), బట్టల వ్యవహారం చూసే వాణిజ్య బోర్డు, ఎర్నెస్ట్ బెవిన్ కింద కార్మిక శాఖ, వీటన్నిటికీ ప్రచారంలో తోడుండే సమాచార శాఖ. ఈ శాఖల అధికారులు సంపాదకుల్ని పిలిచి మాట్లాడేవాళ్లు. ఈ నెల బంగాళాదుంపలు ఎక్కువున్నాయి, వాటిని వాడించాలి. వచ్చే నెల ఫలానా వయసు ఆడవాళ్లు పేర్లు నమోదు చేసుకోవాలి, భయం పోగొట్టాలి. సంపాదకురాలు దాన్ని ఆదేశంలా అచ్చువేస్తే ఎవరూ చదవరు. అందుకే ఆదేశం వంటల శీర్షికలోకి వెళ్లి వంటగా, కుట్టు శీర్షికలోకి వెళ్లి కొలతలుగా, కథల పేజీలోకి వెళ్లి కథానాయిక ఉద్యోగంగా మారి బయటికొచ్చేది.

ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. రంగుల వారపత్రిక వారాల ముందే సిద్ధమై ప్రెస్సుకి వెళ్లాలి. బట్టల రేషన్‌ను 1941 జూన్ 1న, ఓ పండగ ఆదివారం నాడు, ముందస్తు జాడ లేకుండా ప్రకటించారు. తెలిస్తే జనం దుకాణాల మీద పడతారని భయం. రహస్యం ఎంత గట్టిదంటే కొత్త కూపన్లు కూడా అచ్చు వేయలేదు, ఆహార రేషన్ పుస్తకంలో మిగిలిన మార్జరిన్ కూపన్లనే మొదట బట్టలకు వాడమన్నారు. అప్పటికే అచ్చుకి వెళ్లిన సంచికల్లోని ఫ్యాషన్ పేజీలకు కూపన్ల సంగతి తెలిసే వీలెక్కడిది? పాత కాలపు గౌన్లు కొత్త కాలపు చట్టంలోకి వచ్చిపడ్డాయి.

పొయ్యి దగ్గర

ఆహార రేషన్ 1940 జనవరి 8న మొదలైంది. మనిషికి వారానికి వెన్న 4 ఔన్సులు (సుమారు 115 గ్రాములు), బేకన్ 4 ఔన్సులు, చక్కెర 12 ఔన్సులు. అదే ఏడు జులైలో టీ ఆకు 2 ఔన్సులకు దిగింది. 1941లో చీజ్ కూడా రేషన్‌లోకి వచ్చింది. మాంసాన్ని తూకం లెక్కన కాకుండా డబ్బు లెక్కన ఇచ్చేవాళ్లు కాబట్టి చవక ముక్కలు కొంటే ఎక్కువొచ్చేది. ఏ ముక్కని ఎలా వండాలో తెలిసిన ఇల్లాలికి రేషన్ పెరిగినట్టే. పత్రికలు పట్టుకున్న కీలకం ఇదే. కొరతను నైపుణ్యపు పరీక్షగా మార్చేశాయి.

‘వూల్టన్ పై’ తీసుకోండి, ఆహార మంత్రి పేరు పెట్టిన కూరగాయల వంటకం (పైన పొర కప్పి ఓవెన్‌లో కాల్చేదే ‘పై’). సవాయ్ హోటల్ వంటవాడు రూపొందించాడని పేరు, 1941 నాటి పత్రికలు ప్రచారం చేశాయి. ముక్కలుగా తరిగిన బంగాళాదుంప, కాలీఫ్లవర్, స్వీడ్ దుంప, క్యారట్ ఒక్కోటి పౌండు (450 గ్రాములు), మూడు నాలుగు ఉల్లికాడలు, ఒక చెంచా కూరగాయల సారం, ఒక ఔన్సు ఓట్ పిండి. ముక్కలు మునిగే దాకా మాత్రమే నీళ్లు పోసి, అడుగంటకుండా కలుపుతూ 10 నిమిషాలు ఉడికించి, చల్లార్చి, పళ్లెంలో పోసి, పైన బంగాళాదుంప ముద్ద గానీ గోధుమ పిండి పొర గానీ కప్పి ఓవెన్‌లో ఎర్రగా కాల్చాలి. నీళ్లు ఎక్కువైతే అది పై కాదు, పులుసు. ఓట్ పిండి వేసేది చిక్కదనం కోసమే. ముక్కలు చల్లారకుండా పొర కప్పితే ఆవిరికి పొర అడుగు తడిసి ముద్దవుతుంది. జనానికి ఇది పెద్దగా నచ్చలేదు, మాంసం లేని పై ఏమిటని జోకులు వేసుకున్నారు.

గుడ్ల పొడి సంగతి ఇంకా చిత్రం. 1942 నుంచి అమెరికా నుంచి డబ్బాల్లో వచ్చేది. ఒక డబ్బా 12 గుడ్లతో సమానం. ఒక గుడ్డుకి చదునుగా ఒక టేబుల్ స్పూన్ పొడి, రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు. చాలామంది చెంచా గుట్టగా తీసేవాళ్లు, లేదా నీళ్లన్నీ ఒకేసారి పోసేవాళ్లు. పొడి ఎక్కువైతే ఆమ్లెట్ రబ్బరులా సాగుతుంది, ఒకేసారి నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. కొంచెం నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత మిగతా నీళ్లు పోయాలి. కలిపిన దాన్ని వెంటనే వండాలి, దాచిపెట్టకూడదు. ఇన్ని మెళకువలున్నాయి కాబట్టే ఇది పత్రికలకు బంగారు గని అయింది.

నన్ను బాగా ఆలోచింపజేసేది మాత్రం గడ్డిపెట్టె, అంటే మరిగిన గిన్నెలోని వేడి పోకుండా పట్టి ఆ వేడితోనే వంట ఉడికించే పెట్టె. చెక్కపెట్టెలో ఎండుగడ్డి దట్టంగా కూరి, గిన్నె పట్టేంత గుంట చేయాలి. గిన్నె చుట్టూ, కింద కనీసం 4 అంగుళాల మందం గడ్డి ఉండాలి. గంజి, పప్పుగింజలు, మాంసం కూర లాంటివాటిని మూతపెట్టి పొయ్యి మీద బాగా మరగనిచ్చి, మూత తీయకుండా గుంటలో దించి, పైన గడ్డి కూరిన దిండు అదిమి పెట్టె మూసేయాలి. పొయ్యి మీద పట్టే సమయానికి మూడు నాలుగు రెట్లు పడుతుంది. తినేముందు మళ్లీ మరిగించాలి. గిన్నె నిండుగా లేకపోతే పాడవుతుంది, ఎందుకంటే తక్కువ పదార్థంలో వేడి తక్కువ, గిన్నెలో ఖాళీ గాలి దాన్ని త్వరగా లాగేస్తుంది. మధ్యలో ‘ఉడికిందా’ అని మూత తీసి చూస్తే అంతే సంగతులు.

ఇంధనం ఆదా చేయడానికే కదా అనిపిస్తుంది. కానీ ఈ పెట్టె ఎవరికి పనికొస్తుందో చూడండి. పొద్దున ఆరింటికి కూర మరిగించి, పది పన్నెండు గంటల షిఫ్టుకి వెళ్లి, సాయంత్రం వచ్చి వడ్డించాల్సిన మనిషికి. ఆ మనిషి ఉద్యోగానికి వెళ్తుందని పత్రిక ఒప్పుకుంది. వంట వేరొకరు చేస్తారని మాత్రం ఊహించనే లేదు. రెండు పనులూ ఒకే మనిషివన్న నిర్ణయం గడ్డితోపాటు ఆ పెట్టెలో ముందే కూరేసి ఉంది.

ఆ నిర్ణయం కర్మాగారంలో బెడిసికొట్టింది. వారానికి ఆరు రోజులు పొద్దుటి నుంచి రాత్రిదాకా పనిలో ఉంటే దుకాణాలు తెరిచి ఉన్నప్పుడు వెళ్లేదెప్పుడు? క్యూలో నిలబడాలి, అదీ పేరు నమోదు చేసుకున్న దుకాణం ముందే నిలబడాలి. అందుకే పెళ్లయిన ఆడవాళ్ల గైర్హాజరు మగవాళ్లకంటే చాలా ఎక్కువ ఉండేది. అధికారులు దాన్ని బాధ్యత లేకపోవడమనుకున్నారు, పత్రికలు ప్రణాళిక లేకపోవడమనుకున్నాయి. సోమవారం బట్టలు, మంగళవారం ఇస్త్రీ అంటూ టైమ్‌టేబుళ్లు వేసి ఇచ్చాయి. నిజంగా పనిచేసినవి వేరే: చవకగా భోజనం పెట్టే ‘బ్రిటిష్ రెస్టారెంట్లు’ (1943 నాటికి రెండు వేల దాకా), కర్మాగారాల క్యాంటీన్లు, శిశు సంరక్షణ కేంద్రాలు, సగం రోజు షిఫ్టులు. అవి ప్రభుత్వం ఖర్చు పెట్టాల్సిన పరిష్కారాలు. టైమ్‌టేబుల్‌కి ఖర్చు లేదు.

కూపన్ల లెక్క

మొదటి ఏడాది ఒక్కొక్కరికి 66 బట్టల కూపన్లు. అస్తరున్న ఓవర్‌కోటుకి 14, ఊలు గౌనుకి 11, నూలు గౌనుకి 7, లంగాకి 7, జాకెట్టుకి 5, జత బూట్లకు 5, జత మేజోళ్లకు 2. ఒక కోటు, ఒక ఊలు గౌను, ఒక లంగా, రెండు జాకెట్లు, రెండు జతల బూట్లు, ఆరు జతల మేజోళ్లు కొంటే 64 అయిపోయినట్టే. మిగిలిన రెండింటితో లోదుస్తు ఒక్కటి కూడా రాదు. తర్వాత ఏడాది లెక్కన 48కి, 1943–44లో 36కి కోత పడింది.

‘ఇంట్లో కుట్టుకోండి, కూపన్లు మిగుల్చుకోండి’ అనే మాట వినడానికి బాగుంటుంది. లెక్క వేస్తే తేలిపోతుంది. 36 అంగుళాల పన్నా నూలు గుడ్డకు గజానికి 2 కూపన్లు. గౌనుకి మూడున్నర గజాలంటే 7 కూపన్లు, అంటే రెడీమేడ్ గౌనుతో సమానం. కొత్త గుడ్డ కొని కుడితే కూపన్ ఒక్కటీ మిగలదు. మిగలాలంటే గుడ్డ ఇంట్లోదే కావాలి. 1942 తర్వాత వాణిజ్య బోర్డు నడిపిన ‘మేక్ డూ అండ్ మెండ్’ ప్రచారానికి పునాది ఇదే, ‘ఉన్నదాంతో సర్దుకో, చిరిగింది కుట్టుకో’ అని.

ఇంట్లో దొరికే మంచి గుడ్డ ఏది? సైన్యానికి వెళ్లిన భర్త సూటు. దాన్ని విప్పి ఆడవాళ్ల కోటూ లంగా కుట్టుకుంటే 18 కూపన్ల సరుకు. పని ఇలా ఉంటుంది: కుట్లన్నీ కోసి ముక్కలు విడదీయాలి, ఉతికి ఆవిరి ఇస్త్రీ చేయాలి, అరిగిన పైవైపు లోపలికి పోయేలా గుడ్డ తిరగేయాలి. తిరగేస్తే ఎడమ ముక్క కుడికి వస్తుంది కాబట్టి మగ కోటుకి ఎడమ వైపుండే కాజాలు కుడికి, అంటే ఆడవాళ్ల పద్ధతికి, వాటంతటవే వచ్చేస్తాయి. ఛాతీ జేబు కూడా కుడికొచ్చేస్తుంది. దాన్ని మూసి కుట్టాలి, లేకపోతే చూసినవాళ్లకి అది తిరగేసిన కోటని తెలిసిపోతుంది. ప్యాంటు మోకాళ్ల దగ్గరా కూర్చునే చోటా అరిగి ఉంటుంది కాబట్టి లంగాకు తొడ భాగమే పనికొస్తుంది. ఒక కాలు వెడల్పు చాలదు, నాలుగు పలకలుగా కోసి కలపాలి. పోగు నిలువుగా లేకుండా కోస్తే నెల తిరిగేసరికి లంగా ఓ పక్కకి జారుతుంది.

ఇందులో కుట్టుపనికి అందని చిక్కు ఒకటి ఉంది. సూటు కోయడమంటే ఆయన తిరిగి వచ్చాక వేసుకోడని నిర్ణయించుకోవడం. అందుకే ఇలాంటి సలహాల పక్కన ‘ఆయనకిక అవసరం లేదని ఖాయం చేసుకున్నాకే’ అన్న జాగ్రత్త ఉండేది. మాట చిన్నదే. ఇల్లాలు చేసే ప్రతి పొదుపూ ఆయన రాకను లెక్కలో పెట్టుకునే చేయాలని అది గుర్తుచేస్తూ ఉంటుంది.

1942లో కుట్టే పద్ధతి మీద కూడా ఆంక్షలొచ్చాయి. గౌనుకి రెండు జేబులు, ఐదు బొత్తాలు దాటకూడదు. లంగాకి ఆరు కుట్లు, రెండు పెట్టె కుచ్చిళ్లు (బాక్స్ ప్లీట్లు) లేదా నాలుగు కత్తి కుచ్చిళ్లు (నైఫ్ ప్లీట్లు). అలంకారపు కుట్టు 160 అంగుళాలు (సుమారు నాలుగు మీటర్లు) మించకూడదు. ఇదే ఏడు లండన్ పేరున్న డిజైనర్లతో ‘యుటిలిటీ’ బట్టలు (ప్రభుత్వ ప్రమాణాలకు లోబడిన పొదుపు బట్టలు) గీయించి వోగ్‌లో చూపించారు. కోతకు డిజైనర్ పేరు తగిలేసరికి అది ‘నిరాడంబరమైన గీత’ అయింది.

పెదవులకు రంగు, ప్రభుత్వానికి ధైర్యం

1940లో సౌందర్య సాధనాల తయారీని యుద్ధానికి ముందున్న దాంట్లో నాలుగో వంతుకి కుదించారు. అక్టోబరు నుంచి కొనుగోలు పన్ను కూడా, విలాస వస్తువుల రేటులో, మూడో వంతు పడింది. అదే సమయంలో ‘బ్యూటీ ఈజ్ ఎ డ్యూటీ’ అన్న మాట పత్రికల్లో, ప్రకటనల్లో మార్మోగింది. వస్తువు లేదు, విధి ఉంది. ఎందుకంటే ఆడవాళ్లు వాడిపోయి కనిపిస్తే సెలవు మీద వచ్చిన సైనికుడికి దేశం ఓడిపోతున్నట్టు అనిపిస్తుందని పెద్దల నమ్మకం.

ఆ ఖాళీని చిట్కాలు నింపాయి: పెదవులకు బీట్‌రూట్ రసం, కనురెప్పలకు కాల్చిన బెండు మసి, మేజోళ్లు లేని కాళ్లకు గ్రేవీ రంగు పొడి, మేజోళ్ల వెనకుండే కుట్టుగీత గీసుకోవడానికి కనుబొమల పెన్సిల్. బీట్‌రూట్ రసం గంటలో పోతుంది, పైన వాజలైన్ రాస్తే కొంచెం నిలుస్తుంది. గ్రేవీ పొడి వానకి కారిపోతుంది, ఎండాకాలం ఈగలు ముసురుతాయి. నల్లబజారులో దొరికే పౌడర్లలో, రంగుల్లో ఏం కలిపారో తెలియదు, దద్దుర్లు వచ్చినవాళ్లున్నారు.

ఈ విధికి మరో అంచు ఉంది. 1941లో అబ్రామ్ గేమ్స్ మహిళా సైనిక విభాగం ఏటీఎస్ కోసం ఎర్రటి పెదవుల అమ్మాయితో ఓ పోస్టర్ గీశాడు. మరీ సొగసుగా ఉందని పార్లమెంటులో గొడవైంది, పోస్టర్‌ని వెనక్కి తీసుకున్నారు. ఏటీఎస్ అమ్మాయిల శీలం మీద పుకార్లు ఎంతగా పెరిగాయంటే 1942లో వయొలెట్ మార్కమ్ అధ్యక్షతన కమిటీ వేసి విచారించాల్సి వచ్చింది. ఆధారం లేదని ఆ కమిటీ తేల్చింది. అందంగా ఉండాలి కానీ ఎంత అందమో గీసిన గీత కనిపించదు, దాటాకే తెలుస్తుంది.

ఉత్తరాల పేజీ

మనకు ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు మాలతీ చందూర్ నడిపిన ‘ప్రమదావనం’ తెలుసు. వంట నుంచి సంసారం దాకా దేన్నైనా అడగగలిగే చోటు. ‘ఉమన్’లో ఆ స్థానం ‘ఎవెలిన్ హోమ్’ది. అది కలం పేరు, వెనకున్న మనిషి పెగ్గీ మేకిన్స్. ‘ఉమన్స్ ఓన్’లో లియొనోరా ఐల్స్.

యుద్ధం ఈ శీర్షికలకు కొత్త ప్రశ్నలు తెచ్చింది. దూరంగా ఉన్న భర్త, దగ్గరున్న వేరే మనిషి, తొందరపడి చేసుకున్న పెళ్లి, అనుకోని గర్భం. ఇంగ్లండ్, వేల్స్‌లలో పెళ్లికాని తల్లులకు పుట్టిన పిల్లలు యుద్ధానికి ముందు నూటికి నాలుగైదుగురైతే 1945లో దాదాపు తొమ్మిదికి చేరారు. సలహా సాధారణంగా ఒకటే దిశలో నడిచేది: సరిహద్దుకి రాసే ఉత్తరం ఉల్లాసంగా ఉండాలి, అక్కడివాడికి నీ దిగులు పంపకు. సైన్యంలో మనోధైర్యం దెబ్బతినకూడదన్న అవసరాన్ని భార్య మంచితనంగా మార్చిన చోటు ఇది. అయితే ఈ సలహాదారులు కఠినులు కారు. తప్పు చేసిన అమ్మాయిని వీధిలో నిలబెట్టకుండా దారి చూపించేవాళ్లు. అందుకే నమ్మకం. ఆ నమ్మకం లేకపోతే మిగతా సలహా పారేది కాదు.

పేజీల్లో ఇమడనివి

1941 మార్చిలో ఆడవాళ్లు ఉద్యోగాలకు పేర్లు నమోదు చేసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. డిసెంబరులో 20–30 ఏళ్ల మధ్య పెళ్లికాని ఆడవాళ్లను, పిల్లల్లేని వితంతువులను నిర్బంధ సేవలోకి పిలిచే చట్టం వచ్చింది. 1943లో నమోదు వయసు 50 దాకా పెంచేసరికి ‘నానమ్మల్ని కూడానా’ అని గగ్గోలు లేచింది. అదే ఏడు సుమారు 72 లక్షల మంది ఆడవాళ్లు పరిశ్రమ, పొలం, సైన్యం, పౌర రక్షణ పనుల్లో ఉన్నారు.

జీతం మాటేమిటి? ఇంజినీరింగ్ పరిశ్రమలో 1940లో ఒప్పందం కుదిరింది. మగవాడి పనిని అదనపు పర్యవేక్షణ లేకుండా చేస్తే 32 వారాల తర్వాత అతని పూర్తి రేటు ఇవ్వాలి. యాజమాన్యాలు ‘అదనపు పర్యవేక్షణ’ అన్న రెండు మాటల్ని పట్టుకుని తప్పించుకున్నాయి. మెషీన్ సెట్టింగ్ మగ ఫోర్‌మన్ చేశాడంటే చాలు, ఆమె రేటు ఆమెదే. 1943లో గ్లాస్గో దగ్గర హిల్లింగ్టన్ రోల్స్ రాయిస్ కర్మాగారంలో దీని మీదే పెద్ద సమ్మె జరిగింది. బాంబు పడి గాయపడితే ఆడవాళ్లకు మగవాళ్లకంటే తక్కువ పరిహారం. మేవిస్ టేట్, ఎడిత్ సమర్‌స్కిల్ లాంటి ఎంపీలు పోరాడాక 1943లో సమానం చేశారు. 1944 మార్చిలో టీచర్లకు సమాన వేతనం కోసం ఓ సవరణ ఒక్క ఓటు తేడాతో నెగ్గితే, చర్చిల్ దాన్ని విశ్వాస పరీక్షగా మార్చి తిప్పేశాడు.

వీటిని వంటకంగా వండలేం. కొలతలిచ్చి కుట్టించలేం. మహిళా పత్రికలు కావాలని దాచాయనడంకన్నా, వాటి రూపమే వీటికి చోటివ్వలేదనడం సబబు. ‘ఇలా చేయండి’ అని చెప్పే శీర్షికకు, చదివే మనిషి ఒంటరిగా ఇంట్లో చేయగలిగే పని కావాలి. సమాన జీతం ఒంటరిగా చేసుకునేది కాదు కదా.

అట్లాంటిక్ అవతల, ఇంకా అవతల

అమెరికాలో నిర్బంధం లేదు కాబట్టి ఒప్పించడమే దారి. యుద్ధ సమాచార కార్యాలయంలోని మ్యాగజైన్ విభాగం, డొరొతీ డూకస్ నాయకత్వంలో, 1942 నుంచి ‘మ్యాగజైన్ వార్ గైడ్’ అనే మార్గదర్శిని సంపాదకులకు, రచయితలకు పంపింది. ఏ నెలలో ఏ ఉద్యోగాలకు ఆడవాళ్లు కావాలో చూసి, కథల్లో కథానాయికకు ఆ ఉద్యోగం ఇవ్వమనేది. 1943 సెప్టెంబరులో అనేక పత్రికలు ఒకేసారి పనిచేసే ఆడవాళ్లను ముఖచిత్రంగా వేశాయి. కథల్లో ఆమె రివెట్లు కొడుతుంది, విమానం నడుపుతుంది, చివరి పేజీలో పెళ్లి చేసుకుంటుంది. నల్లజాతి స్త్రీలు ఆ కథల్లో దాదాపు కనిపించరు, కర్మాగారాల్లో మాత్రం లక్షల్లో ఉన్నారు.

జర్మనీలో నాజీ మహిళా సంస్థ పక్షపత్రిక ‘ఫ్రావెన్ వార్టె’ పాత బొమ్మనే పట్టుకుంది: తల్లి. 1938లో పెట్టిన మాతృ శిలువ పతకం నలుగురు పిల్లలకు కంచు, ఆరుగురికి వెండి, ఎనిమిది మందికి బంగారం. తీరా 1943 జనవరిలో 17–45 ఏళ్ల ఆడవాళ్లు పనికి నమోదు చేసుకోవాలన్నప్పుడు, పదేళ్లుగా ఇంటిని పూజించిన ప్రచారమే అడ్డొచ్చింది. జపాన్‌లో ‘షుఫు నో తొమొ’ (గృహిణి నేస్తం) వంటలు, మొంపె అనే వదులు పని ప్యాంట్ల కుట్టు నేర్పుతూనే, 1944 డిసెంబరు సంచికలో పేజీ పేజీకీ అమెరికన్లను చంపాలన్న నినాదం అచ్చేసింది. ఆ రెండూ ఒకే సంచికలో పక్కపక్కనే ఇమడగలిగాయి.

షరతు అమలైన వేళ

యుద్ధం తర్వాతి సామాజిక భద్రతకు ప్రణాళిక వేసిన 1942 డిసెంబరు నాటి బెవరిడ్జ్ నివేదిక, తల్లులుగా గృహిణులు చేయాల్సిన కీలకమైన పని ఉందని రాసింది. 1944 నుంచి అమెరికన్ ప్రకటనల్లో ‘అమ్మా, మళ్లీ ఇంట్లో ఎప్పుడుంటావు?’ అని చిన్నపిల్ల అడగడం మొదలైంది. యుద్ధకాలంలో బ్రిటన్‌లో పెట్టిన సుమారు 1,500 శిశు కేంద్రాలకు 1945 తర్వాత కేంద్రం ఇచ్చే డబ్బు తగ్గి, అవి మూతపడుతూ వచ్చాయి. పత్రికల్లో గడ్డిపెట్టె పోయి కలల వంటగది వచ్చింది. రేషన్ మాత్రం పోలేదు. యుద్ధంలో లేని బ్రెడ్ రేషన్ 1946లో వచ్చింది, బట్టల కూపన్లు 1949 దాకా, ఆహార రేషన్ 1954 దాకా నడిచాయి. అంటే సర్దుబాటు చేసే ఇల్లాలి అవసరం తీరలేదు, జీతం తెచ్చే ఇల్లాలి అవసరం తీరిందన్నారు. 1947లో ఫ్రెంచ్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ గజాల గుడ్డ మింగే వెడల్పు లంగాలు తెచ్చినప్పుడు బ్రిటిష్ వాణిజ్య బోర్డు విసుక్కుంది. ఈసారి పత్రికలు బోర్డు మాట వినలేదు. ‘ఉమన్’ అమ్మకాలు 1950లలో 30 లక్షలు దాటాయి.

పాత సంచిక చేతికొస్తే

ఆ కాలపు సంచికలు డిజిటల్ భాండాగారాల్లో దొరుకుతాయి. ముఖచిత్రం దగ్గర ఆగిపోకండి. మొదట తేదీ చూసి, ఆ నెలకు ముందు ఏ ఉత్తర్వు వచ్చిందో వెతకండి. ఉత్తర్వుకీ వంటకానికీ మధ్య కొన్ని వారాల తేడా ఉంటుంది, అది ముద్రణకు పట్టిన సమయం. తర్వాత ఒక వంటకమో కుట్టో తీసుకుని ఎన్ని గంటలు పడుతుందో నిజంగా లెక్కేయండి, దాన్ని షిఫ్టు గంటలకు కలపండి. రోజులో ఎంత మిగిలిందో చూడండి. కథ చదివితే చివరి పేరా ముందు చదవండి, ఆమె ఉద్యోగం ఉందో పోయిందో అక్కడే తేలుతుంది. ప్రకటనల్లో ‘ఇప్పుడు దొరకదు, విజయం తర్వాత దొరుకుతుంది’ అన్నవాటిని లెక్కపెట్టండి. సరుకు లేకపోయినా జ్ఞాపకం చెరగకూడదని కంపెనీలు డబ్బు పోసి కొన్న చోటు అది. అందులో యుద్ధం తర్వాతి ఆడది 1942లోనే నవ్వుతూ ఫ్రిజ్ పక్కన నిలబడి ఉంటుంది.